దైవికము, తటస్థము, చూచుకొనుట : బైబిలు కథలలోని దైవసంరక్షణ భావమును తెలుఁగు పలుకుబడియు

హైదరాబాదు నగరమున హుస్సేన్ సాగరమునకు పడమటి వైపున సోమాజిగూడ యను పేట కలదు. ఒకప్పు డిది నగరమునకు వెలుపలనున్న చిన్న గ్రామము. సోనాజీ యను రెవెన్యూ ఉద్యోగి పేరు కాలక్రమమున సోమాజిగా మాఱినదని అచ్చటివారు చెప్పుకొందురు. నేఁ డచ్చట రాజభవనమును, పెద్ద పెద్ద వైద్యశాలలును కలవు. చేరువనే పంజగుట్టలో నిజాం వైద్యవిజ్ఞాన సంస్థ యున్నది. ఈ త్రోవలలోని వైద్యశాలల వాకిళ్ళ ముందఱ, జిల్లాలనుండి రోగులను తీసికొని వచ్చిన బంధువులు అన్నపు డబ్బాలతోను దుప్పట్లతోను రేయింబవళ్ళు కూర్చుండియుందురు. వారి మాటలు చెవిని పడినప్పుడు భాషాభ్యాసము చేయువానికి ఒక విశేషము తోఁపక మానదు. ఒకరు "అంతా తలరాత" అందురు. ఒకరు "టైముకు తెచ్చినం, దేవుడున్నడు" అందురు. మఱియొక తల్లి ఏ విచారణయు చేయక "దేవుడే చూసుకుంటడు" అని కొంగుతో ముఖము తుడుచుకొనును.

ఈ మూఁడు మాటలును ఒకే యర్థమును చెప్పుచున్నవా? మానవుఁ డెదురుచూడనిదానిని, తన చేతిలో లేనిదానిని తెలుఁగు భాష యే పేర్లతో పిలుచుచున్నది? బైబిలు గ్రంథము తెలుఁగులోనికి వచ్చినప్పుడు అందలి దైవసంరక్షణ భావము ఆ పేర్లలో దేనిని ఆశ్రయించినది? నిత్యజీవనమున జరుగు సామాన్య సంఘటనలయందు దైవహస్తమును గుర్తించు మార్గమును ఆ గ్రంథము ఎట్లు చూపుచున్నది? దాని కెట్టి హద్దులు పెట్టుచున్నది? ఈ విషయములను గ్రంథములోని కథల యాధారముతోనే విచారించుట యీ వ్యాసమున కుద్దేశము. మతనిర్ణయము ఇందు ప్రసక్తము కాదు. పదమును, కథను, వాని నడుమనున్న సంబంధమును పరిశీలించుటయే ప్రస్తుతము.

పదముల విచారణ

'దైవము' అను శబ్దమునకు మన భాషలో రెండర్థములు కలవు. ఒకటి దేవుఁడు, రెండవది విధి. "తానొకటి తలచిన దైవమొకటి తలచును" అను సామెతలో నీ రెండర్థములలో ఏది యున్నదో విడఁదీసి చెప్పుట కష్టము. ఈ శబ్దము నుండియే పుట్టిన 'దైవికము' మఱింత విచిత్రమైనది. "దైవికముగా అతఁడు తటస్థపడెను" అన్నప్పుడు వక్త యుద్దేశము 'అనుకోకుండ' అనియు కావచ్చును, 'దేవుని వలన' అనియు కావచ్చును. యాదృచ్ఛికమును దైవసంకల్పమును ఒకే పదమున నిముడ్చుకొన్న భాష మనది. 'విధి' శబ్దమునందును ఇట్టి సంకరమే కలదు. చేయవలసిన దానిని శాసించునదియు విధియే, తప్పించుకొనరానిదియు విధియే, నుదుట వ్రాయు బ్రహ్మయు విధియే.

దీనికి భిన్నముగా కేవల యాదృచ్ఛికమును చెప్పు 'కాకతాళీయము' కలదు. కాకి వ్రాలుటయు తాటిపండు రాలుటయు ఒక్క క్షణమున జరిగినను రెంటికిని సంబంధము లేదని యీ న్యాయము చెప్పును. ఈ రెంటికిని నడుమ, సంరక్షణ భావమును నేరుగా చెప్పు సామెతయు మనకు కలదు. "నారు పోసినవాఁడు నీరు పోయఁడా" అనునది వరిమళ్ళలో పుట్టిన మాట. మొలిపించినవాఁడు ఎండనీయఁడన్న భరోసా యిందు కలదు. ఇందు విధి లేదు, యాదృచ్ఛికము లేదు. రైతునకు నారుమీఁద నుండు బాధ్యతవంటి బాధ్యత దేవునికి మనుష్యునిమీఁద నున్నదను భావమే కలదు.

పాశ్చాత్య వేదాంతులు ఈ భావమునకు వాడిన లాటిన్ పదము 'ప్రొవిదెంతియా'. 'ముందుగా చూచుట' అని దాని ధాత్వర్థము. గ్రీకు పదము 'ప్రోనోయా', అనఁగా ముందుగా ఆలోచించుట. ఇచ్చట గమనింపఁదగిన విషయ మొకటి కలదు. గ్రీకు క్రొత్త నిబంధనలో ప్రోనోయా శబ్దము రెండు తావులనే కానవచ్చును. అపొస్తలుల కార్యముల 24వ అధ్యాయమున అది ఫేలిక్సు అను అధిపతి పరిపాలనా దక్షతను చెప్పును. రోమీయులకు వ్రాసిన పత్రిక 13వ అధ్యాయమున శరీరేచ్ఛలకై మనుష్యుఁడు చేసికొను ఏర్పాటును చెప్పును. రెండును మానవవిషయములే. దేవుని ప్రోనోయాను గూర్చిన ప్రయోగము 'సొలొమోను జ్ఞానగ్రంథము'న నున్నది కాని, ఆ గ్రంథమును ప్రొటెస్టెంటులు ప్రమాణముగా స్వీకరింపలేదు. కాఁబట్టి సిద్ధాంతమునకు పేరు తరువాత వచ్చినది. గ్రంథమునందున్నవి కథలు. పేరు లేని భావమును కథలే మోసినవి. అందువలన మనము వెదకవలసినది నిర్వచనమును కాదు, కథలలోని క్రియాపదములను.

చూచుట, చూచుకొనుట

అట్టి క్రియలలో మొదటిది హీబ్రూ ధాతువు 'రాఆ', అనఁగా చూచుట. ఆదికాండము 16వ అధ్యాయమున హాగరు అను ఐగుప్తు దాసి, యజమానురాలి బాధ పడలేక, గర్భవతియై అడవిలోనికి పాఱిపోవును. నీటియూట యొద్ద దేవదూత ఆమెను పేరు పెట్టి పిలుచును. అప్పు డామె తనతో మాటలాడిన దేవునికి 'చూచుచున్న దేవుఁడు' అను నర్థము వచ్చు పేరు పెట్టును. ఆ గ్రంథమున దేవునికి పేరు పెట్టిన మొదటి వ్యక్తి రాజు కాదు, ప్రవక్త కాదు. ఎవరి లెక్కలోను లేని దాసి యామె. తనను చూచువాఁ డొకఁడు కలఁడను ఎఱుకయే ఆమెకు కలిగిన దర్శనము.

అదే ధాతువు 22వ అధ్యాయమున మరల వచ్చును. బలికి గొఱ్ఱెపిల్ల యేదని కుమారుఁ డడుగఁగా అబ్రాహాము దేవుఁడే దానిని 'చూచును' అని యుత్తరమిచ్చును. తరువాత పొదలో చిక్కుకొన్న పొట్టేలు కనఁబడును. ఆ చోటికి 'యెహోవా యీరే' అను పేరు పెట్టఁబడును. 'యీరే' అనునది రాఆ ధాతువు రూపమే. చూచుట అను నర్థము ఏర్పాటు చేయుట అను నర్థముగా ఇచ్చట విస్తరించినది.

ఇతర భాషలవా రిచ్చట చిక్కుపడుదురు. 'చూచును' అనిన అర్థము చాలదు, 'సమకూర్చును' అనిన మూలములోని చూపు పోవును. తెలుఁగు అనువాదమున మాత్రము ఈ తావున 'చూచుకొను' అను క్రియ పడినది. ఇది మన భాషకు సహజముగా లభించిన భాగ్యము. 'చూచు' ధాతువునకు 'కొను' చేరఁగనే చూపు బాధ్యతగా మాఱును. పొలము చూచుకొనుట, పిల్లలను చూచుకొనుట, ముసలితల్లిని చూచుకొనుట అను ప్రయోగములలో కన్ను ఒక్కటియే పనిచేయదు. చేయి, కాలు, ధనము, కాలము అన్నియు అందున్నవి. లాటిన్ పదమున ముందుచూపు ప్రధానము. తెలుఁగు క్రియలో దగ్గఱ నుండుట ప్రధానము. దూరమున నుండి భవిష్యత్తు నెఱుఁగువానిని 'చూచుకొనువాఁడు' అని మన మనము.

తెలుఁగు బైబిలు ఒక్కనాఁడు వచ్చినది కాదు. 18వ శతాబ్ది పూర్వార్ధమున బెంజమిన్ షుల్జ్ చేసిన అనువాదము అచ్చుపడలేదు. విశాఖపట్టణమున అగస్టస్ దే గ్రాంజ్ ఆనందరాయని సాయముతో చేసిన సువార్తల అనువాదము 1812లో వెలువడినది. క్రొత్త నిబంధన 1818లోను, సంపూర్ణ గ్రంథము 1854లోను వచ్చినవి. అటుపై సంస్కరణములు జరిగినవి. ఈ పరంపరలో శాస్త్రపరిభాషకంటె ఇంటిమాట యెక్కడెక్కడ గెలిచినదో చూచుట పరిశోధకులకు తగిన పని. 'చూచుకొనుట' అట్టి గెలుపులలో నొకటి. వైద్యశాల వాకిట కూర్చున్న తల్లి నోట వచ్చు మాటయు, మోరీయా కొండమీఁది మాటయు నొక్కటియే యగుట అనువాదకుని యదృష్టమే కాదు, భాష యొక్క సంస్కారము కూడ.

తటస్థించుట

రెండవ క్రియ 'కారా', అనఁగా తటస్థించుట, ఎదురుపడుట. దాని నుండి పుట్టిన నామవాచకము 'మిక్రే'. మన 'దైవికము'వలెనే యిదియు సందిగ్ధమైన పదము. బైబిలు దీనిని వాడిన తీరు చాల సూక్ష్మమైనది.

ఆదికాండము 24వ అధ్యాయమున అబ్రాహాము సేవకుఁడు యజమానుని కుమారునికి కన్యను వెదకుచు ఊరి బావియొద్ద నిలిచి, తాను కోరినది నేఁడు తటస్థింపఁజేయుమని దేవుని వేఁడుకొనును. మూఁడధ్యాయములకు తరువాత యాకోబు మేఁకపిల్లల మాంసమును వేఁటమాంసమని గ్రుడ్డి తండ్రికి తెచ్చి పెట్టును. ఇంత త్వరగా నెట్లు దొరికినదని తండ్రి యడుగఁగా, నీ దేవుఁడే నా కెదురుగా రప్పించెనని చెప్పును. అదే ధాతువు, అదే దేవుని పేరు. మొదటిది ప్రార్థన, రెండవది పచ్చి యబద్ధము. దైవసంకల్పమను మాట మోసమునకు ముసుఁగుగా పనికివచ్చునని గ్రంథము తన మొదటి కాండముననే హెచ్చరించినది. లాభము చేతికి వచ్చిన ప్రతివాఁడును దానిని దేవుని ఏర్పాటనుటకు ఈ కథ యనుమతి యీయదు.

మొదటి సమూయేలు గ్రంథము 6వ అధ్యాయమున ఫిలిష్తీయులు తమకు వచ్చిన తెగులు దైవకృతమా, మిక్రేయా యని తెలిసికొనఁగోరి ఒక పరీక్ష చేయుదురు. కాఁడి యెఱుఁగని రెండు పాలావులను బండికి కట్టి, దూడలను ఇంట బంధించి, అవి యెటు పోవునో చూతురు. దూడలను విడిచి ఆవులు తిన్నగా బేత్షెమెషు త్రోవ పట్టును. పరాయి జాతివారు కూడ కాకతాళీయమును దైవికమును వేఱుపఱుప యత్నించిరన్న మాట.

రూతు గ్రంథమున నీ పదము మఱియొక తీరున వచ్చును. విధవయైన మోయాబు స్త్రీ రూతు, అత్తతో బేత్లెహేమునకు వచ్చి, కోఁతకాలమున పరిగ యేరుకొనఁబోవును. ఆమె పోయిన పొలము బోయజుది యగుట 'తటస్థించినది' అని కథకుఁ డనును. కథాఫల మంతయు ఆ యొక్క అడుగుపై నాధారపడియున్నది. అయినను దేవుఁడు త్రోవ చూపెనని కథకుఁడు చెప్పఁడు. అనుకోకుండ జరిగినదనియే చెప్పి ఊరకుండును. పాఠకుఁడే వెనుదిరిగి చూచి గ్రహింపవలయును.

పరిగను గూర్చి మన పల్లెలవారికి వివరింప నక్కఱలేదు. కోఁత యైన చేలలో రాలిన వెన్నులను పేదస్త్రీలు ఏరుకొనుట మన కండ్లయెదుట జరుగునదే. కాని ఇశ్రాయేలీయులలో నది దయ కాదు, శాసనము. పొలపు అంచులను పూర్తిగా కోయరాదనియు, పరిగను బీదలకును పరదేశులకును విడువవలయుననియు లేవీయకాండము 19వ అధ్యాయము విధించినది. బోయజు అంతటితో నిలువక, పిడికెళ్ళనుండి పనలను కావలెననియే జాఱవిడువుఁడని కూలీల కాజ్ఞ యిచ్చును. రూతునకు కలిగిన 'తటస్థము'నకు వెనుక ఒక శాసనమును, దానిని పాటించిన యొక రైతును ఉన్నారు. ఆ రెండును లేనిచో తటస్థించుటకు గింజయే యుండదు.

ఇంకొక సూక్ష్మము కలదు. బోయజు మొదట రూతును దీవించుచు, దేవుని రెక్కల క్రిందికి శరణు వచ్చితివి గావున నీకు మేలు కలుగుఁ గాక యనును. తరువాత కళ్ళమున రూతు అతని కొంగును తనపై కప్పుమని కోరును. హీబ్రూలో రెక్కకును కొంగునకును ఒకే పదము, 'కానాఫ్'. దేవుని రెక్కను గూర్చి దీవెన పలికిన వానినే ఆమె ఆ రెక్కయై రమ్మని పిలిచినది. దీవించినవాని ముంగిటికే దీవెన తిరిగి వచ్చినది. నిత్యజీవనమున దైవసంరక్షణను గుర్తించుట యనఁగా ఇతరుల సాయములో దేవుని చూచుట మాత్రమే కాదు, తా నెవరికి కొంగు కావలయునో గుర్తించుట కూడ నని యీ కథ సారము.

నాఁటి నాఁటి కొలఁత

సామాన్య దినమును గూర్చిన కథలలో ప్రధానమైనది నిర్గమకాండము 16వ అధ్యాయములోని మన్నా వృత్తాంతము. అడవిలో ప్రజలకు ప్రతి యుదయమును నేలమీఁద ఆహారము కనఁబడును. ఎవరికి కావలసినంత వారు కూర్చుకొనవలయును. మఱునాఁటికి దాఁచినది పురుగుపట్టును. విశ్రాంతిదినమునకు ముందు మాత్రము రెండింతలు నిలువ యుండును. నిలువ చేసికొను కోరిక మనుష్యునకు స్వభావము. ఆ కోరికకే యిచ్చట శిక్షణ. 'ఏ పూట కా పూట' అను మన పలుకుబడి పేదఱికమును చెప్పును. ఆ కథ దానినే విశ్వాసమునకు కొలఁతగా చేసినది. యేసు నేర్పిన ప్రార్థనలో అడుగఁబడునదియు ఆ దినపు రొట్టెయే. ఉదయము నగరపు కూడళ్ళలో, 'అడ్డా' యని పిలువఁబడు తావుల, పనిముట్లతో నిలుచుండు కూలీలకు ఈ ప్రార్థన అలంకారము కాదు. మత్తయి సువార్త 20వ అధ్యాయమున సాయంకాలము వఱకు ఎవరును పిలువక సంతలో నిలిచిన కూలీలకు పూర్తి దినపు కూలి యిచ్చిన యజమానుని కథయు వారికి వెంటనే యర్థమగును.

పిచ్చుకల మాటయు నిట్టిదే. మత్తయి సువార్తలో రెండు పిచ్చుకల వెల ఒక కాసు. లూకా సువార్తలో అయిదు పిచ్చుకల వెల రెండు కాసులు. లెక్క ప్రకారము నాలుగే రావలయును, అయిదవది కొసరు. వెలయే లేని ఆ కొసరు పిచ్చుకయు దేవుని మఱపునకు రాదని యేసు చెప్పును. కూరగాయల బజారున కొసరడుగు ప్రతివారికిని ఈ మాటలోని లోఁతు తెలియును. అయినను పిచ్చుక నేల రాలదని యాతఁడు చెప్పలేదు. తండ్రి లేకుండ రాలదనియే చెప్పెను. పిచ్చుక రాలును. ఈ భేదమును మఱచినచో సంరక్షణ భావము ఒట్టి మంత్రముగా మాఱును.

ఎస్తేరు గ్రంథమున, హీబ్రూ మూలమున, దేవుని పేరే లేదు. ఒక జాతిని నిర్మూలించుటకు దినమును చీట్లు వేసి నిర్ణయింతురు. ఆ కుట్ర తిరుగఁబడుట 6వ అధ్యాయమున రాజునకు నిద్రపట్టకపోవుటతో నారంభమగును. నిద్రరాని రాజు దినచర్య గ్రంథము చదివించుకొనును. అందు తన ప్రాణము కాపాడిన మొర్దెకై పేరు కనఁబడును. నిద్రలేమికంటె సామాన్యమైన సంగతి యేమి కలదు?

వెనుదిరిగి చూచుట

యోసేపు కథ ఈ భావమునకు శిఖరము. అన్నలు పదునేడేండ్ల తమ్ముని అమ్మివేయుదురు. ముప్పది యేండ్లకు అతఁడు ఫరో యెదుట నిలుచును. ఏడేండ్ల పంట గడచి, రెండేండ్ల కఱవు గడచిన తరువాత అన్నలకు తన్నుఁ దా నెఱిఁగించుకొనును. అనఁగా ఇరువదిరెండేండ్లు గడచినవి. మీరు కీడు తలంచితిరి, దేవుఁడు దానినే మేలునకు తలంచెనను భావము గల మాట తండ్రి మరణానంతరము చెప్పఁబడినది. యాకోబు ఐగుప్తున పదునేడేండ్లు బ్రదికెను గావున అప్పటికి యోసేపు వయస్సు ఏఁబదియాఱు. అమ్మఁబడిన దినమునుండి ముప్పదితొమ్మిది యేండ్లకు ఆ వాక్యము వచ్చినది. గోతిలో నున్నప్పుడు గాని, చెఱసాలలో నున్నప్పుడు గాని అతఁ డట్లనలేదు.

మన దేశమున 'అంతా మన మంచికే' అను మంత్రి కథ ప్రసిద్ధము. రాజు వ్రేలు తెగఁగా మంత్రి యట్లని చెఱసాల పాలగును. అడవిలో బలికి పట్టుపడిన రాజు, అంగహీనుఁడని విడువఁబడును. చెఱసాలలో నుండుటచే మంత్రియు బ్రదుకును. రెండు కథలకును పోలిక కలదు, భేదమును కలదు. మంత్రి దెబ్బ తగిలిన క్షణముననే, ఇతరుని వ్రేలిని గూర్చి ఆ మాట చెప్పెను. యోసేపు తన గాయమును గూర్చి తానే, గాయము మానిన తరువాత చెప్పెను. కీడును కీడనియే పేర్కొనెను. హీబ్రూలో 'తలంచు' అను నొకే క్రియ అన్నలకును దేవునికిని వాడఁబడినది. అన్నల తలంపు మేలైపోలేదు, దానిపై మఱియొక తలంపు నడచినది. ఆ మాట అన్నలే అని యుండినచో అది తమ నేరమును కప్పుకొనుట యగును. దైవసంరక్షణను గూర్చి మాటలాడు అధికారము బాధపడినవానిదే యని యీ కథ నిర్ణయించుచున్నది.

హద్దులు

ఈ యధికారమును మీఱినవారికి గ్రంథమున గట్టి మందలింపులు కలవు. యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా నేలఁ గూర్చున్నంతవఱకు మంచివారే. కష్టమునకు కారణము చెప్ప మొదలిడిన పిమ్మట దేవుని కోపమునకు పాత్రులైరి. సిలోయములో గోపురము కూలి పదునెనిమిదిమంది చచ్చినప్పుడు, వారు తక్కినవారికంటె పాపులా యని యేసు అడిగి, కాదని తానే చెప్పెను. ప్రసంగి గ్రంథము జ్ఞానికిని మూఢునికిని మిక్రే ఒక్కటే యని తేల్చివేసినది. ఇట్టి గ్రంథమును తనలోనే యుంచుకొనుట బైబిలు నిజాయితీకి నిదర్శనము.

హైదరాబాదు చరిత్రలోనే దీనికి తార్కాణము కలదు. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరమును ముంచినది. నేఁటి ఉస్మానియా వైద్యశాల ఆవరణలోని చింతచెట్టు నెక్కి సుమారు నూటయేఁబదిమంది బ్రదికిరి. వేలకొలఁది జనులు కొట్టుకొనిపోయిరి. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వఱదలో తల్లిని, భార్యను, కూఁతును పోఁగొట్టుకొని తా నొక్కఁడు మిగిలెను. చెట్టుమీఁదివారు తమ్ము దేవుఁడు కాచెననుట కృతజ్ఞత. చెట్టు దొరకనివారిని దేవుఁడు విడిచెననుట సిలోయపు తప్పు. ఈ రెండు వాక్యములలో మొదటిది పలికి రెండవది పలుకకుండుటయే వివేకము. ఆ వఱద తరువాత ఉస్మాన్ సాగరము 1920లోను, హిమాయత్ సాగరము 1927లోను పూర్తియైనవి. చూచుకొనుటలో ఆనకట్టయు నొక భాగమే.

కోస్తా జిల్లాలలో 1876-78 నడుమ వచ్చిన కఱవునందును ఇట్టి దృష్టాంతము కలదు. ఒంగోలున బాప్టిస్టు మిషనరీగా 1866లో స్థిరపడిన జాన్ క్లౌ అమెరికాలో భూమిని కొలుచు సర్వేయరు పని చేసినవాఁడు. కఱవు రోజులలో బకింగ్‌హాం కాలువలో మూఁడున్నర మైళ్ళ త్రవ్వకమును గుత్తకు తీసికొని, వేలకొలఁది జనులకు కూలి కల్పించెను. ఎప్పుడో నేర్చి విడిచిన విద్య కఱవున కక్కఱకు వచ్చెనని భక్తు లాశ్చర్యపడుదురు. దానికంటె గొప్ప విషయము మఱియొకటి. కూలి యిచ్చుచున్నంతకాలము అతఁడు బాప్తిస్మములు నిలిపివేసెను. అన్నమునకై మతము స్వీకరించిరన్న మాట రాకుండుటకే యిది. పని ముగిసిన తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లియొద్ద 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మిషను చరిత్రకారులు ఆ సంఖ్యలో దైవహస్తమును చూచిరి. సంఖ్యకంటె ఆ నిరీక్షణలో చూచుట యుక్తమని తోఁచును. ఏలయన ఆ కఱవున లక్షలాది జనులు మరణించిరి. ఫలితపు లెక్కతో సంరక్షణను నిరూపింపఁబూనినచో, మృతుల లెక్క యెదురు నిలుచును.

ఉపసంహారము

ఇంతవఱకు విచారించినదానినుండి మూఁడంశములు తేలుచున్నవి. మొదటిది : బైబిలునందు దైవసంరక్షణ అద్భుతములకంటె పరిగ, నిద్రలేమి, దినపు కూలి, కొసరు పిచ్చుక వంటి సామాన్య విషయములలో నెక్కువగా చెప్పఁబడినది. అది మనుష్యుల చేతులను, శాసనములను, ముందుజాగ్రత్తను త్రోసివేయదు, వానిలోనుండియే నడచును. రెండవది : దాని గుర్తింపు వెనుదిరిగి చూచినప్పుడు కలుగును. నిర్గమకాండము 33వ అధ్యాయమున మోషేకు దేవుని ముఖము కాక వెనుకభాగమే కనఁబడుట కిదియే సంకేతముగా గ్రహింపవచ్చును. మూఁడవది : ఆ గుర్తింపు కృతజ్ఞతగా తన్ను గూర్చి చెప్పుకొనఁదగినది, తీర్పుగా ఇతరులను గూర్చి చెప్పరానిది.

భాషావిషయమున, 'దైవికము' అను పదములోని సందిగ్ధతను లోపముగా తలంప నక్కఱలేదు. హీబ్రూ 'మిక్రే'యందును అదే సందిగ్ధత యున్నది. రూతు కథకుఁడు దానిని కావలెననియే నిలుపుకొనెను. విధి, వ్రాత అను పదములలో వ్రాసి వెడలిపోయినవాఁ డున్నాఁడు. 'చూచుకొనుట'లో ఇంకను ప్రక్కన నున్నవాఁ డున్నాఁడు. తరగతిలో ఈ పదములను పర్యాయపదములుగా బోధించుట పరిపాటి. అవి పర్యాయపదములు కావు.

సోమాజిగూడ వైద్యశాల వాకిట ఆ తల్లి "దేవుడే చూసుకుంటడు" అన్నప్పుడు ఆమె సిద్ధాంతము చెప్పుటలేదు, ఫలితమును నిశ్చయించుటయు లేదు. లోపల నున్నవాఁడు బ్రదుకునో లేదో ఆమెకు తెలియదు. ఆ మాట యని, ప్రక్కనున్న పరాయి ఊరివానికి తన డబ్బాలోని అన్నములో సగము పెట్టును. విన్నవారు చేయవలసినది ఆ మాటకు కారణమడుగుట కాదు. ఆ రాత్రి యామెకు కొంగు కాఁగలవా రెవరో చూచుట.